కావడి నడక

మా లేబొరేటరీలో పొద్దున్నే ఎవరూ ఎవరికీ గుడ్ మార్నింగ్ చెప్పుకునేవారు కాదు. "మాస్టారి ముక్కకి రంగొచ్చిందా?" అని అడిగేవారు. వచ్చిందంటే ఆ రోజు పని సాగుతుంది. రాలేదంటే కలిపిన మందులన్నీ పారబోసి మళ్ళీ మొదట్నుంచీ కలుపుకోవాలి. పైగా కలిపినవాళ్ళని మిగతావాళ్ళు సాయంత్రం దాకా ఏడిపించుకు తింటారు.

మాది కండరాల గడ్డల్ని పరీక్షించే లేబొరేటరీ. విజయనగరం ఊరి చివర, కేన్సరు ఆస్పత్రి వెనకాల రెండు గదులు, ఒక వరండా. ఎవరి ఒంట్లోంచైనా తీసిన గడ్డ ముక్క మా దగ్గరికొస్తే దాన్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి మందు వేస్తాం. కండరంలో మాత్రమే ఉండే ప్రొటీన్ అందులో ఉంటే ఆ చోటు బెల్లంపాకం రంగు తిరుగుతుంది. మరి రంగు రాకపోతే? ప్రొటీన్ లేదనుకోవాలా, మా మందే పాడైందనుకోవాలా? అది తేలడానికి ప్రతి పలక మీదా రోగి ముక్క పక్కన మంచి కండరం ముక్క ఒకటి పెడతాం. దానికి రంగు వచ్చి తీరాలి. అంగట్లో తూకపు రాయి ఎలాంటిదో మాకది అలాంటిది.

మా దగ్గరున్న ఆ మంచి కండరం మా నాన్నగారిది.

నాన్న పేరు డాక్టర్ గవిరినాయుడు. లేబొరేటరీ ఆయన పెట్టిందే, అక్కడ అందరికీ ఆయన మాస్టారు. కొత్తలో మంచి కండరం కోసం వెతుక్కుంటున్న రోజుల్లో స్కూటర్ మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బల్ల మీద పడుకుని, మత్తు ఇవ్వబోతున్న డాక్టరుతో, "ఎలాగూ కోస్తున్నారు కదా, కండ ఓ ఉసిరికాయంత తీసి నా సీసాలో వెయ్యండి" అన్నారట. అమ్మ ఆయన్ని ఆ మాటకి ఇప్పటికీ క్షమించలేదు. "కాలిరిగినందుకు ఏడవాలో, ఇలాటి మనిషిని కట్టుకున్నందుకు ఏడవాలో తెలీలేదే నాకు" అంటుంది.

నాన్న నడక గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ కథే లేదు.

చదువుకునే రోజుల్లో ఆయన ఊళ్ళో హోటళ్ళకి కావడితో మంచినీళ్ళు మోసేవారు. కావడి భుజాన పెట్టుకుని మామూలుగా నడిస్తే బద్ద ఊగి నీళ్ళు ఒలికిపోతాయి. అందుకని మోకాళ్ళు కాస్త వంచి, చిన్నచిన్న అడుగులు వేస్తూ, ఊపునంతా తొడల్లోనే మింగేయాలి. నడుము పైన మనిషి కదలకూడదు. ఆయన డాక్టరయ్యాక కూడా, కారు కొన్నాక కూడా, విరిగిన కాలు అతుక్కున్నాక కూడా భుజాన కావడి ఉన్నట్టే నడిచేవారు. పెళ్ళిళ్ళలో అందరూ అటూ ఇటూ ఊగుతూ వస్తుంటే వాళ్ళ మధ్య ఒక్క తల మాత్రం ఊగకుండా తేలుతూ వచ్చేది. చిన్నప్పుడు తిరనాళ్ళలో నేను తప్పిపోతే ఏడ్చేదాన్ని కాదు. ఒక చోట నిలబడి, ఊగని తల ఎక్కడుందా అని చూసేదాన్ని.

పిల్లల కండరాల్లో వచ్చే గడ్డ ఒకటుంది. దాంట్లోని కణాలు కండరం అవుదామని బయల్దేరి మధ్యలో ఆగిపోయినవి. తల్లి కడుపులో ఉన్నప్పుడు చెయ్యాల్సిన ప్రొటీన్లనే ఇంకా చేస్తూ, ఎదగడం మానేసి సంఖ్య మాత్రం పెంచుకుంటూ పోతాయి. "ఇవి చెడ్డవి కావమ్మా హైమా, పెంపకం లేనివి" అనేవారు నాన్న. అందరూ ఆ కణాల్ని చంపే మందు వెతుకుతుంటే ఆయన పెంచే మందు వెతికారు. మంచి కండరంలో ఏ ప్రొటీన్ ఎంత ఉంటుంది, ఏది ముందు పుడుతుంది, ఏది తర్వాత అన్న వరసంతా చదివి, ఆ వరసని పాఠంలా కణాలకి అందించే మందు. కాగితాల్లో దానికి ఏదో పొడుగాటి పేరుంది. లేబొరేటరీలో మేం దాన్ని 'పెంపకం' అనే అనేవాళ్ళం.

అది మొట్టమొదట పుచ్చుకున్నది తులసి. రామతులసి. నెల్లిమర్ల దగ్గర పల్లెటూరు. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. కుడి తొడ లోపల గడ్డ. కాలు తీసెయ్యాలని ఆస్పత్రిలో తేల్చేశారు. తండ్రి లక్ష్మునాయుడు మా వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాడు. భార్య అంతకు మూడేళ్ళ ముందే జ్వరంతో పోయింది. "కాలు తీసీసినా పర్లేదు బాబూ, గుంటని ఉంచండి" అన్నాడు నాన్నతో. నాన్న కాలూ ఉంచుతానన్నారు, పిల్లనీ ఉంచుతానన్నారు. ఆయనకి అలాంటి ధైర్యాలు జాస్తి.

కొన్ని వారాల తర్వాత గడ్డలోంచి తీసిన ముక్కని నాన్నే స్వయంగా మైక్రోస్కోపు కింద పెట్టారు. ఎదిగిన కండరం పోగుకి అడ్డంగా సన్నటి చారలుంటాయి. ఎదగని గడ్డలో ఉండవు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "చారలే! చారలొచ్చాయే హైమా!" అని అరిచి, ఆ కావడి నడకతోనే వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగేశారు. ఆ వేళ కేంటీన్లో బజ్జీలన్నీ మాకే. నూనె చేతులతో మైక్రోస్కోపు ముట్టుకున్నామని మర్నాడు అందరికీ తిట్లు. నా జీవితంలో అంత సంతోషంగా తిట్లు తిన్న రోజు మరొకటి లేదు.

పాఠం ఎవరి కండ నుంచి తీశామో వేరే చెప్పాలా? మాస్టారి ముక్క నుంచే. అది ఒక మనిషి ఒంట్లోది అనుకోవడం మేమంతా ఎప్పుడో మానేశాం. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్న దానికి రంగు వచ్చింది. ఏనాడూ మోసం చెయ్యలేదు. మంచి కండరం అంటే మాకు అదే. ఎవరి ముక్కో మాకు తెలియకపోయి ఉంటే అడిగి ఉండేవాళ్ళమేమో. అందరికీ తెలుసు గనకే ఎవరికీ అడగాలని తోచలేదు.

కణాలు పాఠం మరిచిపోకుండా తులసికీ, ఆ తర్వాత పుచ్చుకున్న మరికొందరు పిల్లలకీ, ఒకరిద్దరు పెద్దవాళ్ళకీ ఏడాదికోసారి మందు ఇస్తూ వచ్చారు. నాన్న మరో నాలుగేళ్ళు ఉన్నారు. ఆయన గుండె మొదట్నుంచీ కాస్త తేడాగానే కొట్టుకునేది. చివరికొచ్చేసరికి దాని గోడలు సాగిపోయాయన్నారు. ఒక మధ్యాహ్నం మైక్రోస్కోపు ముందు కూర్చుని, చూస్తున్న పలక తియ్యకుండానే పోయారు. లేబొరేటరీ నా నెత్తిన పడింది. పొద్దున్నే అందరూ ఆ ప్రశ్న అడుగుతూనే ఉండేవారు, నేను జవాబు చెబుతూనే ఉండేదాన్ని. మొదటి ఏడాది ఆ జవాబు చెప్పడం నాకు ఎంత కష్టమయ్యేదో ఎవరికీ చెప్పలేదు.

తులసి ఏటా ఆస్పత్రికొచ్చి మందు పుచ్చుకుని అట్నుంచటే వెళ్ళిపోయేది. మాకు ముక్కలొచ్చేవి, మనుషులు కాదు. ఒకసారి ఆస్పత్రిలో సూదిమందు గదికి సున్నాలు వేస్తున్నారని దాన్ని మా వరండాలోకి పంపారు. అమ్మ అప్పుడు అక్కడే ఉంది. మధ్యాహ్నం కేరియర్ తేవడం నాన్న ఉన్ననాటి అలవాటు. నేను వద్దన్నా మానలేదు.

"హైమా," అంది అమ్మ, గిన్నె మూత చేతిలోనే పట్టుకుని. "ఆ గుంట ఎవరే?"

"ఏ గుంట?"

"ఆ గేటు కాణ్ణుంచి వస్తంది చూడు. అలాగ నడుస్తందేటే?"

చూశాను. పంతొమ్మిదేళ్ళ పిల్ల, పొట్టిగా, గట్టిగా ఉంది. మోకాళ్ళు రవంత వంగి ఉన్నాయి. అడుగులు చిన్నవి. తల ఊగడం లేదు.

అమ్మ మెట్లు దిగిపోయింది. "నీ పేరేటమ్మా?"

"తులసండి. మందుకొచ్చేను."

"మందు తరవాత. నువ్వో పాలి ఎనక్కెళ్ళి, మళ్ళీ నడిచి రా తల్లీ."

తులసి నా మొహం చూసింది. వెళ్ళమన్నట్టు తల ఊపాను. వెళ్ళి, తిరిగి వచ్చింది. "నా నడకలో ఏటైనా తేడా ఉందేటండీ? మా నాన్నా అంటాడు, బాతులాగ నడుస్తన్నావేటే అని. నడకెలాగున్నా బరువు బాగా లేస్తందండి. మాది వెయిట్ లిఫ్టింగు. బార్ పైకెత్తినాక అందరికీ ఊగిపోద్ది, నాకు ఊగదు. జూనియర్స్‌లో బంగారం వచ్చింది."

అమ్మ దాని భుజం పట్టుకుని మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు జలదరించింది.

దాని తొడ కండ చిన్న ముక్క తీయించి మాస్టారి ముక్క పక్కన పెట్టి చూశాను. కండరంలో టైటిన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. స్ప్రింగు అనుకోండి. కండ సాగితే వెనక్కి లాగుతుంది. కావడి మోసి మోసి నాన్న తొడల్లో ఆ స్ప్రింగు బాగా సాగే రకం తయారైంది. మేం ఆయన కండని చదివినప్పుడు ఆ సంగతి కూడా పాఠంలో కలిసిపోయింది. తులసి ఒంట్లో గడ్డ కణాలే కాదు, వాటి చుట్టుపక్కల కండలన్నీ ఆ పాఠం విన్నాయి. ఎదిగే పిల్ల కదా, ఏడాదికి కాస్త కాస్తగా ఒంటబట్టించుకున్నాయి.

ఇదంతా అమ్మకి బొమ్మ గీసి మరీ చెప్పాను. అమ్మ బొమ్మ వైపు చూడనేలేదు. "అయితే ఆయన కాళ్ళు ఇంకా తిరుగుతన్నాయన్నమాట" అంది.

అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం తులసి మా ఇంటికి భోజనానికి రావాల్సిందే. దానికి తల్లి లేదు, అమ్మకి పెట్టే చెయ్యి. మొదట్లో మొహమాటపడింది గానీ, అమ్మ చేసే కోడికూరకి మూడో ఆదివారం నుంచీ మొహమాటం పోయింది. భోజనమయ్యాక అమ్మ దానికి పనులు చెప్పేది. "ఆ గూట్లో చెంబు తేమ్మా." తెచ్చేది. "ఇక్కడొద్దులే, అక్కడే పెట్టీ." పెట్టేది. "గేదెకి కుడితి పోసేరో లేదో చూడు." మాకు గేదె లేదు.

"అమ్మమ్మా, మీకు గేదె ఎక్కడిదండీ?" అనేది తులసి.

"లేదేటి? పోనీ దొడ్డి చూసి రా."

అమ్మని నేను బాగానే ఆటపట్టించేదాన్ని. కానీ నిజం చెప్పాలి. తులసి హాలు దాటుతుంటే నా చేతిలో పుస్తకం కూడా ఆగిపోయేది. ఆ కొద్ది నెలలూ మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళమూ, ఒక మగమనిషి నడకా కలిసి ఉన్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆదివారాలు మళ్ళీ వస్తే బావుండుననిపిస్తుంది. రాకూడదని కూడా తెలుసు.

వానాకాలంలో ఒక రోజు వాళ్ళ ఊళ్ళో షెడ్డులో బరువెత్తుతూ తులసి పడిపోయింది. లక్ష్మునాయుడు ఆటోలో వేసుకుని తెచ్చాడు. ఆస్పత్రిలో గుండె పరీక్షలు చేసి, గోడలు సాగుతున్నాయన్నారు. ఆ వయసు పిల్లకి ఎందుకలా అవుతోందో వాళ్ళకి అంతుపట్టలేదు. నాకు పట్టింది. పట్టకుండా ఉంటే బావుండునని మొక్కుకున్నాను.

సన్నటి తీగ గుండె దాకా పంపి నూలుపోగంత కండ తీయించాను. కోసి, పలక మీద పరిచి, పక్కన మాస్టారి ముక్క పెట్టి, సాగే రకం టైటిన్ కోసం మందు వేశాను. మంచి గుండెలో ఆ రంగు లేతగా ఉండాలి. కళ్ళు ఆనించి చూశాను. రెండు ముక్కలూ ఒకే రంగు. ముదురు పాకం.

"మాస్టారి ముక్కకి రంగొచ్చిందా మేడమ్?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

"వచ్చింది" అన్నాను.

గుండె కండరమూ కాలి కండరమూ అక్కచెల్లెళ్ళ పిల్లల్లాంటివి. వేరువేరు ఇళ్ళలో ఉన్నా కొన్ని ప్రొటీన్లు ఉమ్మడి. ఏటేటా రక్తంలో తిరిగిన పాఠాన్ని గుండె కూడా చాటుగా వింటూ వచ్చింది. తొడలో ఆ సాగే గుణం వరం. గుండెలో అదే ఉంటే పాత పైజామా లాస్టిక్కు. కావడి రోజుల్లో తొడలు నేర్చిందే నాన్న గుండె కూడా నేర్చిందనీ, అది సాగింది అందుకేననీ నాకు ఆ రోజే అర్థమైంది. ఆయన్ని తీసుకుపోయింది ఆయన నడకే.

మందు ఆపేస్తే గడ్డ మళ్ళీ వస్తుంది. ఇస్తూ పోతే గుండె పోతుంది. మిగిలింది ఒకటే దారి, కొత్త పాఠం రాయడం. తులసి సొంత కండ నుంచి తీసిన పాఠం ఇస్తే గడ్డ కణాలూ అణిగి ఉంటాయి, గుండె కూడా పాతది మరిచిపోయి తన పని తను నేర్చుకుంటుంది. అయితే దాని ఒంట్లో ఇప్పుడు ఏ కండ తీసినా నాన్న పాఠం వినేసిందే. తొమ్మిదేళ్ళప్పుడు, ఇంకా మందు పడకముందు తీసిన గడ్డ ముక్క మైనంలో మా దగ్గర ఉంది. దాని అంచున గడ్డ అంటని కండ దారమంత ఉంది. అది చాలు. కాకపోతే గుండెతో పాటు కాళ్ళు కూడా మరిచిపోతాయి. ఆ స్ప్రింగు పోతుంది.

తండ్రీ కూతుళ్ళని మా ఇంటికి పిలిచి చెప్పాను.

"నేషనల్స్ అయినాక ఇయ్యండి మేడమ్" అంది తులసి వెంటనే. "దసరా ఎళ్ళిన నెలలోనే ఉన్నాయి."

"అప్పటిదాకా నువ్వు బార్ ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసా?"

"ఇప్పుడిస్తే ఏటవుద్దో కూడా తెలుసండి. నాను ఊళ్ళో అందరిలాగే అయిపోతాను. ఈ ఒక్కటే కదండీ నాకొచ్చింది." లక్ష్మునాయుడు కండువా నలుపుతూ, "నానేటి సెప్పగలనమ్మా. పిల్లకి అదే పేణం, పిల్ల నాకు పేణం" అన్నాడు.

అమ్మ మాట్లాడుతుందని నేననుకోలేదు. "అంత తొందరేటే హైమా? ఇన్నేళ్ళు ఆగింది, రెండు నెల్లు ఆగదా? ఆశపడతంది గుంట."

నాకు కోపం వస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండవు. వాళ్ళు వెళ్ళాక అనేశాను. "నీకు కావలసింది నాన్న నడక. ఆ పిల్ల కాదు."

అమ్మ లోపలికెళ్ళి ఉతికిన బట్టలే మళ్ళీ మడత పెట్టుకుంటూ కూర్చుంది. ఆ వారమంతా మా మధ్య అన్నం పెట్టుకోవడానికి సరిపడా మాటలు తప్ప మరేం లేవు.

ఆదివారం తులసి వచ్చింది. మెట్లు ఎక్కి కాసేపు గోడ పట్టుకుని నిలబడింది. అమ్మ చూసీ చూడనట్టు, "రా, తలకి నూనె రాస్తాను" అని వాలుకుర్చీలో కూర్చుని దాన్ని కింద కూర్చోబెట్టుకుంది. తులసి వీపు అమ్మ మోకాళ్ళకి ఆనింది. నూనె రాస్తూ రాస్తూ అమ్మ చెయ్యి ఆగిపోయింది. అరచెయ్యి తీసి దాని వీపు మీద, ఎడమవైపు వేసింది. కళ్ళు మూసుకుంది.

"ఏటమ్మమ్మా?"

"ఉండు. మాటాడకు."

చాలాసేపు అలాగే ఉంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అమ్మ పెదాలు కదులుతున్నాయి. తర్వాత నాతో అంది, "ఇది నాకు తెలుసే. కొట్టుకుంటది, కొట్టుకుంటది, ఓ దెబ్బ మానేస్తది. ఆయన ఈపు మీద చెయ్యేసి, ఆ తరవాత దెబ్బ వచ్చిందాకా ఊపిరి బిగబట్టుకుని పడుకునీదాన్ని. అది రాగానే నాను ఊపిరి తీసుకునీదాన్ని. కాపురమంతా అలాగే చేసేను." దాని తలని రెండు చేతులతో పట్టుకుంది. "ఇంకొకరి కోసం నాను అలాగ చెయ్యలేను తల్లీ. హైమా, రేపే ఇచ్చీ ఆ మందు."

తులసి వెనక్కి తిరిగింది. "నడక పోద్ది కదమ్మమ్మా. మీక్కూడా."

"పోనీ. అది నీది కాదమ్మా, మాది. మా సొత్తు మేం పట్టుకుపోతాం. నీ గుండె నీకుండిపోవాలి."

"మరి నాదెలాగుండీదో నాకు తెలీదు" అంది తులసి చిన్నగా. "చిన్నప్పటి నడక ఎవలికి గుర్తుంటాది?"

మర్నాడు పొద్దున్నే పాత మైనపు దిమ్మ బయటికి తీశాను. దారమంత అంచు. కత్తి ఒక్క పిసరు పక్కకి పోతే గడ్డ తెగుతుంది గానీ కండ దొరకదు. మళ్ళీ తీసుకుందామంటే ఆ తొమ్మిదేళ్ళ పిల్ల ఎక్కడుంది? లేబొరేటరీలో అందరూ ఫేన్లు ఆపేసి నా చుట్టూ నిలబడ్డారు. చెమటలు కక్కుతూ కోశాను. పొర తెగి, నీళ్ళ మీద తేలింది. అంచు అంచంతా వచ్చింది.

రంగు సరిగా పడిందో లేదో చూడాలి కదా. పలక మీద పక్కన మాస్టారి ముక్క పెట్టాను. తన పాఠం తుడిచెయ్యడానికి కూడా ఆయనే సాక్షి. బెల్లంపాకం రంగు ఎప్పటిలాగే శుభ్రంగా వచ్చింది. అప్పుడు ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు. ఆ రోజు చుట్టాలకి కబుర్లు పెట్టే పని ఉంది.

తులసికి కొత్త మందు ఇచ్చాం. పాత మందు పుచ్చుకున్న మిగతావాళ్ళనీ పిలిపించి మార్చాం. బొబ్బిలి నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. బుర్రమీసాలు, బానపొట్ట, పైన ఊగని తల. అమ్మ ఒక్కసారి చూసి, కేరియర్ అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది.

నేషనల్స్ వేరేవాళ్ళు ఆడుకున్నారు. ఆ చలికాలమంతా తులసి మంచం మీదే ఉంది. వారం వారం గుండె చూసేవాళ్ళం. గోడలు కొంచెం కొంచెంగా బిగుస్తూ వచ్చాయి. దెబ్బ తప్పడం తగ్గి, తగ్గి, ఆగిపోయింది. లేచి తిరగడం మొదలెట్టాక నడక ఒక్కో ఆదివారం ఒక్కోలా ఉండేది. హాలు సగం దాకా నాన్న, మిగతా సగం ఎవరో తెలియని మనిషి. అమ్మ ఇప్పుడు దానికి పనులు చెప్పడం మానేసింది. భోజనం మాత్రం మానలేదు.

వేసవి వచ్చింది. ఒక సాయంత్రం అమ్మా నేనూ వరండాలో ఉన్నాం. వీధి మలుపు కాణ్ణుంచే దబ దబ మని అడుగుల చప్పుడు.

"ఎవలే అది, వరి దంచుతన్నట్టు?" అంది అమ్మ.

తులసి. వెనక సైకిల్ నడిపించుకుంటూ లక్ష్మునాయుడు. మడమలు నేలకేసి కొడుతూ, చేతులు బార్లా ఊపుతూ, తల ఎడాపెడా ఆడించుకుంటూ వచ్చి మా మెట్ల ముందు నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది.

"బార్ ఊగిపోతందమ్మమ్మా! మునుపు ఎత్తినదాన్లో సగం ఎత్తితే చాలు, పడిపోతంది. షెడ్ల చిన్నగుంటలు నవ్వుతన్నారు. ఇదేటి నడకండీ? గోతాలు మోసినోడి నడక. ఈధంతా ఇనిపిస్తంది." అటూ ఇటూ తిరుగుతూ చెబుతోంది. తిరిగినప్పుడల్లా దబ దబ.

"బరువు మెల్లగా లేస్తది. ముందు నువ్వు కూకుని మజ్జిగ తాగు" అంది అమ్మ. అంటూనే పక్కకి చూసింది. నేనూ చూశాను.

లక్ష్మునాయుడు సైకిల్ స్టాండు వేస్తున్నవాడు వెయ్యకుండానే ఆగిపోయాడు. కూతురి కాళ్ళకేసి చూస్తున్నాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏటి బాబూ?" అంది అమ్మ.

"వాళ్ళమ్మ నడకండి" అన్నాడు. "వస్తావుంటే ఈధి సివర్నుంచి ఇనిపించీది. ఎక్కిరించీవోణ్ణి. ఈ గుంట వాళ్ళమ్మ సెయ్యి పట్టుకునే నడక నేర్సింది. రోజూ కళ్ళముందే ఉంటాది గాబట్టి, అదెప్పుడు మారిపోనాదో నాకు తెలీనేలేదమ్మగారూ."

మేం మా మనిషిని చూసుకుని మురిసిపోయిన ఆదివారాలన్నీ, ఆ నడక కింద మరో మనిషి కప్పబడిపోయి ఉంది. ఆ సంగతి మాకు తెలీదు, లక్ష్మునాయుడికీ తెలీదు. మా పలక మీద ఎప్పుడూ ఒక్క మంచి కండే ఉండేది మరి.

తులసి నిలబడిపోయింది. "అమ్మ ఇలాగ నడిచీదా నాన్నా?"

"ఇలాగే. ఇలాగే నడిచీది."

అమ్మ వాలుకుర్చీలోంచి లేచింది. "నాయుడుబాబూ, నువ్విలా వచ్చి కూకో. ఇక్కణ్ణుంచి బాగా అగుపిస్తది."

అతను వద్దన్నాడు, మొహమాటపడ్డాడు. అమ్మ ఊరుకోలేదు. చివరికి కుర్చీ అంచున కూర్చున్నాడు. తులసి ఒకసారి తన కాళ్ళ వంక కిందికి చూసుకుంది. సిగ్గుపడింది. తర్వాత వరండా పొడుగునా తండ్రి ముందు నుంచి నడిచింది, చప్పుడు ఏమాత్రం తగ్గించకుండా.

అమ్మ వచ్చి నా పక్కన స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది.

"మనం చూసుకున్నాం కదే" అంది.